మందు వికటిస్తే లాయర్ ముందు ఏం అడుగుతాడు?

మన క్లబ్ మ్యాగజైన్‌లో కథలు, కవితలు, ఫెస్ట్ ముచ్చట్లు రాసేవాళ్లకు కొదవ లేదు. అందుకే నేను ఈసారి కాస్త పొడిగా కనిపించే విషయం ఎత్తుకున్నాను. డాక్టర్ రాసిచ్చిన మందు వేసుకున్నాక ఒంటికి పెద్ద నష్టం జరిగితే అమెరికాలో లాయర్‌ని ఎలా పెట్టుకుంటారు? ఆ లాయర్ ఏం చూసి కేసు తీసుకుంటాడు? వచ్చిన డబ్బు ఎలా పంచుకుంటారు?

'అమెరికా గోల మనకెందుకు బాబూ' అనకండి. మన సీనియర్లలో ఎంతమంది ఇప్పుడు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారో మీ కాంటాక్ట్ లిస్ట్ చూస్తే తెలిసిపోతుంది. ఎమ్మెస్‌కి వెళ్లే ప్రతివాడి సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన నాలుగు స్ట్రిప్పుల యాంటీబయాటిక్స్ కూడా ఉంటాయి. ఇంకో సంగతి, జీడిమెట్లలో, బొల్లారంలో, పరవాడలో తయారయ్యే మందులు బోలెడన్ని అక్కడి మెడికల్ షాపుల్లోనే అమ్ముడవుతాయి. కాబట్టి ఈ కథలో మనం రెండు వైపులా ఉన్నాం.

అక్కడ టీవీ పెడితే గంటకోసారి ఒక యాడ్ వస్తుంది. 'మీరుగానీ, మీ వాళ్లుగానీ ఫలానా మందు వాడి జబ్బుపడ్డారా? వెంటనే మాకు ఫోన్ చేయండి, డబ్బు రావచ్చు' అని. ఆ యాడ్ చూస్తే ఎవరికైనా, మందు పడలేదంటే చాలు కేసు గెలిచినట్టే అనిపిస్తుంది. నిజం అలా లేదు. అది ఎలా ఉందో చెప్పడమే ఈ వ్యాసం పని.

సైడ్ ఎఫెక్ట్ ఉంటే కేసు ఉన్నట్టు కాదు

ప్రతి మందుకీ సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయి. ఆ సంగతి చట్టానికీ తెలుసు. కాబట్టి 'ఈ మందు నాకు హాని చేసింది' అన్న ఒక్క మాటతో కోర్టులో కేసు నిలబడదు. అమెరికాలో మందుల కంపెనీ మీద కేసు మామూలుగా మూడు దారుల్లో వేస్తారు. ఒకటి, తయారీలో తప్పు: ఆ బ్యాచ్‌లో ఏదో కలిసిపోయింది, మోతాదు తేడా వచ్చింది. రెండు, డిజైన్‌లోనే తప్పు: మందు ఫార్ములానే అవసరానికి మించి ప్రమాదకరం. మూడు, హెచ్చరికలో తప్పు: ప్రమాదం ఉందని కంపెనీకి తెలుసు, లేదా తెలిసి ఉండాలి, అయినా సరిగ్గా చెప్పలేదు.

డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందుల కేసుల్లో ఎక్కువగా నడిచేది ఈ మూడో దారి. కాబట్టి అసలు ప్రశ్న 'మందు హాని చేసిందా' అన్న దగ్గర ఆగదు. 'ఆ హాని గురించి కంపెనీకి ఎప్పుడు తెలుసు, ఆ రోజున లేబుల్ మీద ఏం రాసి ఉంది' అన్నదాకా వెళ్తుంది. మన భాషలో చెప్పాలంటే లేబుల్‌కి ఒక వెర్షన్ హిస్టరీ ఉంటుంది. మీరు మందు మింగిన తేదీన ఏ వెర్షన్ నడుస్తోంది అన్నదే కేసుకి ప్రాణం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. చీటీ మందుల విషయంలో కంపెనీ హెచ్చరించాల్సింది ప్రధానంగా డాక్టర్‌ని. అమెరికాలో చాలా రాష్ట్రాల కోర్టులు ఇదే సూత్రం పాటిస్తాయి. డాక్టర్‌కి సరైన సమాచారం ఇచ్చి ఉంటే, ఆ డాక్టర్ మీకు చెప్పకపోయినా కంపెనీ బయటపడే అవకాశం ఉంది. అప్పుడు కేసు డాక్టర్ వైపు తిరుగుతుంది. అది వేరే రకం కేసు, దాని రూల్స్ వేరు, లాయర్లు కూడా వేరు.

వయాక్స్ కథ

ఇదంతా ఒక నిజమైన కేసులో చూస్తే బాగా అర్థమవుతుంది. వయాక్స్ అనే నొప్పి మాత్ర, మెర్క్ కంపెనీది. కీళ్లనొప్పులకు వాడేవారు. కడుపులో పుండ్లు తక్కువగా వస్తాయన్నది దాని గొప్ప. 1999 మేలో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అమెరికాలోనే సుమారు 2 కోట్ల మంది వాడారు.

2000లో సుమారు 8 వేల మంది రోగులతో చేసిన ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు ప్రచురించారు. నాప్రాక్సెన్ అనే పాత మందుతో పోలిస్తే వయాక్స్ వాడినవాళ్లలో హార్ట్ ఎటాక్‌లు కొన్ని రెట్లు ఎక్కువగా కనిపించాయి. మెర్క్ ఇచ్చిన వివరణ ఏమిటంటే, వయాక్స్ గుండెని దెబ్బతీయడం లేదు, నాప్రాక్సెన్‌కే గుండెని కాపాడే గుణం ఉంది అని. డేటా ఒకటే, దాని నుంచి రెండు కథలు చెప్పొచ్చు. ల్యాబ్‌లో రీడింగ్ తేడా వచ్చినప్పుడు 'మీటర్ కరెక్టే, రిఫరెన్సే తేడా' అని మనం వాదిస్తాం కదా, అలాగన్నమాట. లేబుల్‌లో గుండె గురించిన సమాచారం చేరింది 2002 ఏప్రిల్‌లో. చివరికి మరో ట్రయల్‌లో, 18 నెలలు దాటి వాడినవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలింది. 2004 సెప్టెంబర్ 30న మెర్క్ ఆ మందుని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఎఫ్‌డీఏలోనే పనిచేసే డేవిడ్ గ్రాహం బృందం 2005లో లాన్సెట్ పత్రికలో ఒక అంచనా వేసింది. ఈ మందు వల్ల అమెరికాలో అదనంగా 88 వేల నుంచి 1 లక్షా 40 వేల దాకా తీవ్రమైన గుండె జబ్బు కేసులు వచ్చి ఉంటాయని.

ఇక కేసులు వరదలా వచ్చాయి. మొదటి విచారణ టెక్సాస్‌లో జరిగింది. భర్తను పోగొట్టుకున్న ఒకావిడ తరఫున మార్క్ లేనియర్ అనే లాయర్ వాదించాడు. 2005 ఆగస్టులో జ్యూరీ 25 కోట్ల 34 లక్షల డాలర్లు ఇవ్వాలంది. పేపర్లన్నీ హెడ్‌లైన్ పెట్టాయి. తర్వాత జరిగింది మాత్రం చాలామందికి తెలియదు. టెక్సాస్ చట్టంలో శిక్షగా వేసే పరిహారానికి పరిమితి ఉంది కాబట్టి ఆ అంకె ఎలాగూ సుమారు 2 కోట్ల 60 లక్షలకు తగ్గిపోతుంది. అదీ అందలేదు. 2008లో అప్పీలు కోర్టు తీర్పు మొత్తాన్నే కొట్టేసింది. ఆయన మరణానికి రక్తం గడ్డకట్టడమే కారణమని రుజువు లేదు అని.

అంటే మందు చెడ్డదని ప్రపంచమంతా ఒప్పుకున్నా, 'ఈ మనిషికి, ఈ మందు వల్లే, ఈ నష్టం' అన్న గొలుసులో ఒక్క లింకు తెగితే మిగిలేది సున్నా.

మూడు గేట్లు

తర్వాత జరిగిన విచారణల్లో ఎక్కువ భాగం మెర్కే గెలిచింది. అయినా వేల కేసులు ఒక్కొక్కటిగా నడపడం ఎవరి వల్లా కాదు. ఫెడరల్ కోర్టుల్లో పడ్డ కేసులన్నిటినీ న్యూ ఆర్లీన్స్‌లో ఎల్డన్ ఫాలన్ అనే జడ్జి ముందుకు చేర్చారు. 1968 నాటి చట్టం ప్రకారం ఇలా చేర్చొచ్చు. దీన్ని చాలామంది క్లాస్ యాక్షన్ అనుకుంటారు, కాదు. క్లాస్ యాక్షన్‌లో అందరిదీ కలిపి ఒకటే కేసు. ఇక్కడ ఎవరి కేసు వాళ్లదే. సాక్ష్యాల సేకరణ, నిపుణుల విచారణ లాంటి ఉమ్మడి పని మాత్రం ఒకేచోట జరుగుతుంది. ఎవరికి ఎంత అన్నది వాళ్ల వాళ్ల రికార్డుని బట్టి.

2007 నవంబర్‌లో మెర్క్ 485 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఆ రాజీ పత్రంలో అర్హతని తేల్చడానికి పెట్టిన పరీక్షలకు వాళ్లు పెట్టిన పేరే 'గేట్లు'. నిజంగానే అది మనం ఫస్ట్ ఇయర్‌లో చదివిన ఆండ్ గేటే. మూడు ఇన్‌పుట్‌లూ ఒకటైతేనే అవుట్‌పుట్ ఒకటి.

మొదటి గేటు: గుండెపోటుగానీ, రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతంగానీ వచ్చినట్టు మెడికల్ రికార్డు ఉండాలి. కాళ్లవాపు, బీపీ పెరగడం లాంటివి లెక్కలోకి రావు.
రెండో గేటు: కనీసం 30 మాత్రలు అందినట్టు రుజువు ఉండాలి.
మూడో గేటు: నష్టం జరగడానికి ముందు 14 రోజుల లోపల మందు వాడుతున్నట్టు రికార్డుని బట్టి తేలాలి.

సుమారు 50 వేల మంది క్లెయిమ్ చేశారు. డబ్బు అందింది సుమారు 33 వేల మందికి. మిగతావాళ్లందరూ అబద్ధం చెప్పారని కాదు. మెడికల్ షాపు రికార్డు దొరక్కపోవచ్చు, డాక్టర్ ఉచితంగా ఇచ్చిన శాంపిల్స్‌కి లెక్క లేకపోవచ్చు, రెండు వారాల ముందే మందు ఆపేసి ఉండొచ్చు. నొప్పి నిజమే, కాగితం లేదు. అంతే తేడా.

మా అక్క విషయంలో ఏమైంది

ఇదంతా నేను చదవడం మొదలుపెట్టింది మా పెద్దమ్మ కూతురి వల్ల. ఆవిడ డాలస్‌లో ఉంటుంది. మూడేళ్ల క్రితం యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తే అక్కడొక క్లినిక్‌లో లీవోఫ్లాక్సాసిన్ రాశారు. ఐదో రోజున మెట్లు దిగుతుంటే మడమ వెనక 'టక్' మంది. అకిలిస్ టెండన్ తెగింది. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది అది. ఆపరేషన్, కాలికి బూటు, ఎనిమిది నెలలు కుంటుతూ నడక. ఆఫీసులో సెలవులు అయిపోయి జీతం కట్. చంటిపిల్లాడిని ఎత్తుకుని నాలుగడుగులు వేయడానికి కూడా లేకపోయింది.

అక్క నలుగురు లాయర్లకు ఫోన్ చేసింది. నలుగురూ వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో చూస్తే ఈ సబ్జెక్టు మొత్తం అందులోనే ఉంది.

మొదటిది టీవీ యాడ్ ఇచ్చే ఆఫీసు. కాల్ సెంటర్ అమ్మాయి మందు పేరు అడిగి, 'ఈ మందు మీద ఇప్పుడు కేసులు తీసుకోవడం లేదండీ' అని రెండు నిమిషాల్లో పెట్టేసింది. అలాంటి ఆఫీసులు ఒక సమయంలో కొన్ని మందుల మీదే పనిచేస్తాయి.

రెండో ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, 'అమ్మా, ఈ రకం మందులకు టెండన్ తెగే ప్రమాదం ఉందని 2008 నుంచే లేబుల్ మీద నల్లగీత పెట్టెలో హెచ్చరిక ఉంది. హెచ్చరించలేదని నేనెలా వాదించను?' అన్నాడు. ఎఫ్‌డీఏ అడిగి పెట్టించే హెచ్చరికల్లో అన్నిటికన్నా గట్టిది అదే.

మూడో ఆయన అడిగిన మొదటి ప్రశ్న, 'మాత్ర బ్రాండ్‌దా, జెనరిక్‌దా?' అక్క సీసా చూసి చెప్పింది, జెనరిక్ అని. 'అయితే కష్టం' అన్నాడు. ఎందుకు కష్టమో కింద చెప్తాను.

నాలుగో ఆవిడ డాక్టర్ల మీద కేసులు చూసే లాయర్. అక్కడ కొంచెం ఆశ కనిపించింది. ఎందుకంటే 2016లో ఎఫ్‌డీఏ ఒక మాట స్పష్టంగా చెప్పింది: మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్‌కి వేరే మందు కుదిరినప్పుడు ఈ రకం మందులు వాడకండి అని. కానీ టెక్సాస్‌లో డాక్టర్ మీద కేసు వేస్తే 120 రోజుల లోపల ఒక నిపుణుడి రిపోర్టు ఇవ్వాలి. నొప్పి, బాధ లాంటి డబ్బు లెక్కకు అందని నష్టాలకు డాక్టర్ల వైపు నుంచి వచ్చే పరిహారం రెండున్నర లక్షల డాలర్లు దాటకూడదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. ఆవిడ లెక్కలు వేసి, 'మీ కాలు బాగయింది, అది అదృష్టం. కానీ నిపుణుల ఖర్చు పోగా మీకు మిగిలేది చాలా తక్కువ' అని నిజాయితీగా చెప్పింది.

అక్క కేసు వేయలేదు. తప్పు ఎవరిదీ కాదని కాదు. దాన్ని రుజువు చేసే ఖర్చుకి తగ్గ నష్టం కాదని వ్యవస్థ తేల్చింది. ఇది వినడానికి చేదుగానే ఉంటుంది.

బ్రాండా, జెనరికా

మూడో లాయర్ ప్రశ్నకి వద్దాం. దీనికి రెండు సుప్రీంకోర్టు తీర్పులు తెలియాలి.

మొదటిది 2009 మార్చిలో వచ్చిన వైయెత్ వర్సెస్ లెవీన్. వెర్మాంట్ రాష్ట్రంలో ఒక సంగీతకారిణికి మైగ్రేన్ వచ్చి వాంతులవుతుంటే ఫెనెర్గాన్ ఇంజెక్షన్ ఇచ్చారు. నరంలోకి నేరుగా తోసే పద్ధతిలో ఇవ్వగా అది ధమనిలోకి చేరింది. చెయ్యి కుళ్లి, ముంజేతిదాకా తీసేయాల్సి వచ్చింది. గిటార్ వాయించే మనిషికి. కంపెనీ వాదన: లేబుల్‌ని ఎఫ్‌డీఏ ఆమోదించింది, ఇక మా మీద రాష్ట్ర చట్టం కింద కేసు కుదరదు అని. సుప్రీంకోర్టు 6–3తో ఒప్పుకోలేదు. బ్రాండ్ కంపెనీ తనంతట తానే హెచ్చరికని గట్టిపరచవచ్చు, ఆ వెసులుబాటు రూల్స్‌లోనే ఉంది కాబట్టి ఎఫ్‌డీఏ చాటున దాక్కోవడం కుదరదంది.

రెండోది 2011 జూన్‌లో వచ్చిన ప్లైవా వర్సెస్ మెన్సింగ్. కడుపు సమస్యకు మెటోక్లోప్రమైడ్ అనే జెనరిక్ మందు ఏళ్ల తరబడి వాడిన ఇద్దరికి, ముఖం, నాలుక వాటంతట అవే కదిలిపోయే జబ్బు వచ్చింది. ఇక్కడ కంపెనీ వాదన వేరు. జెనరిక్ లేబుల్ బ్రాండ్ లేబుల్‌కి అక్షరం తేడా లేకుండా కాపీగా ఉండాలని ఫెడరల్ చట్టం చెప్తోంది, మార్చే అధికారమే మాకు లేనప్పుడు మార్చలేదని ఎలా నిలదీస్తారు అని. 5–4తో కోర్టు కంపెనీ వైపు నిలిచింది. 2013లో సులిండాక్ అనే జెనరిక్ మందు కేసులో ఇంకో అడుగు వేసింది. చర్మమంతా కాలినట్టు ఊడిపోయి, చూపు దాదాపు పోయిన మహిళకు జ్యూరీ ఇచ్చిన 2 కోట్ల 10 లక్షల డాలర్ల తీర్పు రద్దయింది. అంటే డిజైన్ తప్పు అనే దారి కూడా జెనరిక్స్ విషయంలో దాదాపు మూసుకుపోయింది.

2011 తీర్పుతో విభేదించిన జస్టిస్ సోటోమేయర్ చెప్పిన మాట సారాంశం ఇది: బాధితురాలికి న్యాయం దొరుకుతుందా లేదా అన్నది, మందుల షాపువాడు ఆ రోజు ఏ డబ్బా తీసి ఇచ్చాడన్న దాని మీద ఆధారపడిపోయింది. అమెరికాలో పంచే చీటీ మందుల్లో సుమారు 90 శాతం జెనరిక్‌వే. అక్కడ ఇన్సూరెన్స్ కంపెనీలు జెనరిక్‌నే ముందుకు తోస్తాయి, చాలా రాష్ట్రాల్లో షాపువాడే మార్చి ఇవ్వొచ్చు. రోగి ఎంచుకోని విషయం రోగి హక్కుని నిర్ణయిస్తోంది.

జెనరిక్ చవకగా దొరకడం వల్ల కోట్లమంది బతుకుతున్నారు, అందులో మన ఊళ్ల ఫ్యాక్టరీలకు పెద్ద వాటా ఉంది. అది మర్చిపోకూడదు. కానీ చవక మాత్ర వేసుకున్నవాడి హక్కు కూడా చవకైపోవడం నాకు మింగుడుపడలేదు. కాలిఫోర్నియా కోర్టు 2017లో, మసాచుసెట్స్ కోర్టు 2018లో, జెనరిక్ వాడినా కొన్ని పరిస్థితుల్లో లేబుల్ రాసిన బ్రాండ్ కంపెనీ మీద కేసు వేయొచ్చన్నాయి. చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు. కాబట్టి మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారన్నది కూడా ఒక ఇన్‌పుటే.

ఫీజు లెక్క

అమెరికాలో ఇలాంటి కేసుల లాయర్లు సాధారణంగా ముందు డబ్బు తీసుకోరు. గెలిస్తే వాటా, ఓడితే ఫీజు సున్నా. వాటా మామూలుగా మూడోవంతు నుంచి 40 శాతం దాకా ఉంటుంది. వయాక్స్ రాజీలో జడ్జి ఫాలన్ కలగజేసుకుని లాయర్ల వాటా 32 శాతం దాటకూడదన్నాడు.

ఇందులో చూడాల్సింది శాతం ఒక్కటే కాదు. నిపుణుల ఫీజులు, రికార్డుల ఖర్చులు వేరే. ఆ ఖర్చు తీసేశాక వాటా లెక్క కడతారా, తీయకముందే కడతారా? ఉదాహరణకు లక్ష డాలర్లు వచ్చాయనుకోండి. ఖర్చు 15 వేలు, వాటా 40 శాతం. ముందే కడితే లాయర్‌కి 40 వేలు, ఖర్చు 15 వేలు పోను మీకు 45 వేలు. ఖర్చు తీశాక కడితే 85 వేల మీద 40 శాతం, అంటే 34 వేలు. మీకు 51 వేలు. ఒక్క వాక్యం తేడాతో 6 వేల డాలర్లు, మన వైపు ఒక సెమిస్టర్ ఫీజు కంటే ఎక్కువ. ఇంకా అయిపోలేదు. మీ వైద్యానికి డబ్బు కట్టిన ఇన్సూరెన్స్ కంపెనీ 'మా డబ్బు మాకివ్వండి' అని అందులోంచి కొంత అడగవచ్చు.

కాబట్టి సంతకానికి ముందు ఈ ప్రశ్నలు అడగండి:

1. వాటా ఎంత, ఖర్చుకి ముందా తర్వాతా? కాగితం మీద చూపించండి. వాటా పద్ధతి ఒప్పందం రాతపూర్వకంగా ఉండి తీరాలి.
2. ఓడిపోతే పెట్టిన ఖర్చు ఎవరిది?
3. నా కేసు మీరే నడుపుతారా, ఇంకొకరికి పంపిస్తారా? యాడ్ ఇచ్చే ఆఫీసులు కేసుని వేరే లాయర్‌కి అప్పగించి ఫీజు పంచుకోవడం మామూలే. అది తప్పు కాదు, కానీ మీకు తెలిసి, మీ ఒప్పుకోలుతో జరగాలి.
4. ఈ మందు మీద, ఈ నష్టం మీద ఇంతకుముందు కేసులు చేశారా?
5. నా విషయంలో గడువు ఏ తేదీతో ముగుస్తుంది? గడువు రాష్ట్రానికొకలా ఉంటుంది. నష్టం జరిగిన రోజు నుంచా, కారణం తెలిసిన రోజు నుంచా అన్నది కూడా మారుతుంది.

మీరు అడక్కుండానే ఫోన్ చేసి 'మీ కేసు మాకివ్వండి' అనేవాళ్లకు దూరంగా ఉండండి. లాయర్లు ఇలా వెంటపడటాన్ని అక్కడి నియమాలు ఒప్పుకోవు. లైసెన్స్ ఉందో లేదో ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో నిమిషంలో చూసుకోవచ్చు. ఇంకో భయం చాలామందికి ఉంటుంది, స్టూడెంట్ వీసా మీద ఉన్నాం కదా కేసు వేయొచ్చా అని. నష్టపరిహారం కోసం కోర్టుకు వెళ్లడానికి అమెరికా పౌరసత్వం అక్కర్లేదు.

లాయర్ కంటే ముందు మీరు చేయాల్సినవి

అన్నిటికంటే ముందు వైద్యం. టీవీ యాడ్ చూసో, ఈ వ్యాసం చదివో వాడుతున్న మందుని మీ అంతట మీరు ఆపకండి. కొన్ని మందులు సడన్‌గా ఆపితే అదే పెద్ద ప్రమాదం. డాక్టర్‌ని అడగండి.

తర్వాత సాక్ష్యం. మిగిలిన మాత్రలు, సీసా, డబ్బా, లోపలి కాగితం పారేయకండి. ఫొటోలు తీసి తేదీతో దాచండి. అమెరికాలో మందుకి ఎన్‌డీసీ అనే 10 అంకెల కోడ్ ఉంటుంది. కంపెనీ ఏది, మందు ఏది, ప్యాక్ ఏది అన్నీ అందులోనే. మెడికల్ షాపు నుంచి మీ పూర్తి రికార్డు తీసుకోండి. ఏ రోజు ఏ మాత్ర వేసుకున్నారు, ఏ రోజు ఏం జరిగింది అని చిన్న లాగ్ రాసుకోండి. కోడ్ రన్ అవకపోతే లాగ్స్ చూస్తాం కదా, ఇదీ అంతే. క్రాష్ అయ్యాక లాగ్ పుట్టించలేం.

ఎఫ్‌డీఏ వారి మెడ్‌వాచ్‌కి రిపోర్ట్ చేయండి, 1-800-332-1088. మామూలు మనుషులు కూడా చేయొచ్చు. మా అక్క ఇది చేసింది. దాని వల్ల పైసా రాలేదు. కానీ లేబుల్ మారేది ఇలాంటి రిపోర్టులు పోగుపడితేనే.

ఇక సూట్‌కేసు మందుల సంగతి. ఇక్కడ కొని అక్కడ మింగిన మాత్రకి ఎన్‌డీసీ ఉండదు, అక్కడి షాపు రికార్డు ఉండదు, అక్కడి డాక్టర్ చీటీ ఉండదు. వికటిస్తే పైన చెప్పిన గొలుసులో మొదటి లింకే లేదు. కనీసం బిల్లు, బ్యాచ్ నంబర్ ఉన్న స్ట్రిప్పు ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి.

మన దగ్గర సంగతి

మన దేశంలో 'గెలిస్తే వాటా' పద్ధతి లేదు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం లాయర్ ఫలితం మీద ఆధారపడిన ఫీజు మాట్లాడుకోకూడదు. కాబట్టి పేదవాడు ముందే ఫీజు కట్టుకోవాలి. దీనికి ఒక విరుగుడు వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి వల్ల కలిగే నష్టానికి బాధ్యత అని ఒక అధ్యాయమే ఉంది. సరైన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం కూడా తయారీదారు బాధ్యత కిందకు వస్తుంది. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. వస్తువుకి కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, మందుల బిల్లు ఎలాగూ అంత ఉండదు. గడువు రెండేళ్లు.

దారి ఉంది కానీ పొడవైనది. అమెరికాలో ఉండే డాక్టర్ కునాల్ సాహా 1998లో సెలవులకు కోల్‌కతా వచ్చినప్పుడు భార్యకి ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. మోతాదు మించిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు, ఆవిడ చనిపోయింది. ఆయన పట్టువదలకుండా పోరాడితే 2013లో సుప్రీంకోర్టు సుమారు 6 కోట్ల రూపాయల పరిహారం, పైన వడ్డీ ఇప్పించింది. 15 ఏళ్లు పట్టింది. ఆయన స్వయంగా డాక్టర్ కాబట్టి రికార్డులో ఏ లైన్ తప్పో చదవగలిగాడు. మనలో ఎంతమందికి అది కుదురుతుంది?

అందుకే మెడికల్ షాపులో 'బిల్లు వద్దులే అన్నా' అనడం మానేద్దాం. పేరు, బ్యాచ్ నంబర్, తేదీ ఉన్న ఆ చిన్న కాగితమే రేపు గొలుసులో మొదటి లింకు. మందు పడకపోతే ఇక్కడా రిపోర్ట్ చేయొచ్చు, టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024, ఫార్మకోవిజిలెన్స్ వాళ్లది. ఈ రెండు నంబర్లూ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. వాడే అవసరం రాకూడదనే కోరుకుందాం. ఈసారి అమెరికా నుంచి అక్కో, అన్నో ఫోన్ చేసినప్పుడు మాత్రం వాళ్లకీ ఈ సంగతులు చెప్పండి.